'సో వాట్' ఆధారంగా నైరూప్య తైలవర్ణ చిత్రం: ప్రాజెక్టు డైరీ

అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ బృందం 1959 మార్చి 2న న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో రికార్డు చేసిన 'సో వాట్' నిర్మాణాన్ని కొలతలతో సహా కాన్వాస్ మీదికి తేవడం ఈ పని. పాట వింటూ తోచిన రంగు పూస్తూ పోతే వచ్చే బొమ్మ ఏ పాటకైనా సరిపోతుంది. ఇక్కడ ప్రతి గీతకూ పాటలో ఒక చోటు ఉండాలి. అదే పని చేయాలనుకునేవాళ్లకు ఉపయోగపడేలా కొలతలు, పాళ్లు, చెడిపోయిన పొరలు, మార్చిన కారణాలు దశలవారీగా రాస్తున్నాం.

దశ 1: లెక్క

పాటలో ఒక చుట్టు 32 బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు బీట్లు). మొదటి 16 బార్లు డి డోరియన్ (డి స్వరం మొదలుగా డోరియన్ అనే స్వరాల వరుస), తర్వాతి 8 బార్లు అరస్వరం (కీబోర్డు మీద పక్క మెట్టు) పైన ఈ-ఫ్లాట్ డోరియన్, చివరి 8 బార్లు మళ్లీ డి. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, డోరియన్ స్వరాలు ఖరహరప్రియ స్వరాలే. ఒక శ్రుతిలో ఖరహరప్రియ నడిపి, మధ్యలో 8 బార్ల పాటు శ్రుతిని అరస్వరం పెంచి, తిరిగి దించినట్టు ఉంటుంది. తీగల (తీగ అంటే ఇక్కడ కార్డ్, కలిపి మోగించే స్వరాల గుంపు) వరుస అంతకు మించి మారదు. బొమ్మ నిలిచినా పడినా ఈ అరస్వరం దగ్గరే.

వేగం నిమిషానికి సుమారు 136 బీట్లు. చుట్టుకు 128 బీట్లు కాబట్టి దాదాపు 56 సెకన్లు. తొమ్మిది చుట్లను తొమ్మిది వరుసలుగా తీసుకున్నాం (2 నుంచి 8 వరకు సోలోలు, అంటే ఒక్కొక్కరి ఒంటరి వాయింపు):

వరుస 1: హెడ్, అంటే అసలు బాణీ
వరుసలు 2, 3: మైల్స్ డేవిస్, ట్రంపెట్
వరుసలు 4, 5: జాన్ కోల్ట్రేన్, టెనర్ శాక్సోఫోన్
వరుసలు 6, 7: క్యానన్‌బాల్ ఆడర్లీ, ఆల్టో శాక్సోఫోన్
వరుస 8: బిల్ ఎవాన్స్, పియానో
వరుస 9: మళ్లీ హెడ్

ఆరంభంలో పియానో, బాస్ కలిసి వాయించే అరనిమిషం బార్ల లెక్కకు లొంగదు కాబట్టి వదిలేశాం.

ఒక బార్‌కు 3 సెం.మీ. వెడల్పు, ఒక వరుసకు 8 సెం.మీ. ఎత్తు. అలా కాన్వాస్ 96 × 72 సెం.మీ., మొత్తం 288 గళ్లు. అరస్వరం పైకెక్కే భాగం ఎడమ అంచు నుంచి 48 సెం.మీ. దగ్గర మొదలై 72 సెం.మీ. దగ్గర ముగిసే నిలువు పట్టీ అవుతుంది.

స్వరాలను కీబోర్డుతో సరిచూసుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. ఆ రోజు ఒక టేపు యంత్రం నెమ్మదిగా తిరగడంతో పాత ముద్రణల్లో ఈ పాట శ్రుతి కాస్త పైకి వినిపిస్తుంది. 1990ల నుంచి వచ్చిన సవరించిన ముద్రణ వాడండి. లేకపోతే డి ఎక్కడుందో, ఈ-ఫ్లాట్ ఎక్కడుందో తేల్చుకోవడానికే పూట పడుతుంది.

దశ 2: ఫ్రేము, ప్రైమర్

1. పైన్ చెక్క స్ట్రెచర్ ఫ్రేము, మధ్యలో ఒక అడ్డపట్టీ. 96 సెం.మీ. పొడవుకు అడ్డపట్టీ లేకపోతే ఫ్రేము లోపలికి వంగుతుంది.
2. 10 ఔన్సుల కాటన్ డక్ గుడ్డ, 110 × 86 సెం.మీ. ముక్క. చుట్టూ 7 సెం.మీ. మడతకు పోతుంది.
3. అక్రిలిక్ జెస్సో (రంగుకు అడుగున వేసే తెల్ల ప్రైమర్) మూడు పూతలు, ఒక్కొక్కటి సుమారు 75 మి.లీ. పూత పూతకూ బ్రష్ దిశ మార్చాలి.
4. రెండో పూత ఆరాక 220 నంబరు, మూడో పూత ఆరాక 320 నంబరు శాండ్‌పేపర్.

ఇక్కడ రెండు లోపాలు బయటపడ్డాయి. మొదటిది, శాండ్‌పేపర్ రుద్దేటప్పుడు అడ్డపట్టీ గుడ్డకు వెనక నుంచి తగిలి ముందువైపు నిలువు చారగా అచ్చుపడింది. తర్వాత ప్యాలెట్ నైఫ్‌తో (రంగు పరిచే చదునైన కత్తి) గీకేటప్పుడు ఇదే చార మళ్లీ తేలుతుంది. పట్టీకి, గుడ్డకు మధ్య 2 మి.మీ. అట్టముక్కలు దూర్చి, చెక్కకు, గుడ్డకు మధ్య మిగిలిన ఖాళీల్లోనూ అదే ఎత్తుకు అట్ట నింపాం. వెనక గట్టి ఆధారం దొరికింది. దశ 6లో దీనికి ప్లైవుడ్ పలక జోడించాక బాగా పనికొచ్చింది.

రెండోది, జెస్సో అతిగా పీల్చుకోవడం. పరీక్ష తేలిక: ఒక నీటిచుక్క వేసి చూడండి. చూస్తుండగానే ఇంకిపోతే పైన వేసే ఆయిల్ రంగులోని నూనె కూడా అలాగే ఇంకి, నీలం సుద్దలా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అక్రిలిక్ మ్యాట్ మీడియంలో సమానంగా నీళ్లు కలిపి ఒక పలచటి పూత వేశాక చుక్క నిలబడింది.

ఇప్పటివరకు: జెస్సో 225 మి.లీ., మ్యాట్ మీడియం 30 మి.లీ., ఆయిల్ రంగు 0.

దశ 3: అడుగుపొర

పైన నీలం, అడుగున నారింజ కలిసిన గోధుమరంగు. నీలాన్ని గీకినచోట అడుగు బయటపడి వెలుగుతుంది. హెడ్‌లో బాస్ ప్రశ్నకు జవాబుగా వచ్చే తీగలన్నీ (దశ 6) ఇలా గీకి తీసేవే కాబట్టి ఈ పొర గట్టిగా ఆరాలి.

20 × 20 సెం.మీ. నమూనా బోర్డు మీద కాడ్మియం ఆరెంజ్‌తో చేసిన పొర పనికిరాలేదు. వేలితో తాకితే ఆరినట్టే ఉంది. నీలం వేసి గీకగానే నారింజ కూడా ఊడి తెల్ల జెస్సో బయటపడింది. కాడ్మియం రంగులు నెమ్మదిగా ఆరతాయి. పైన పొర కట్టినా లోపల మెత్తగానే ఉంటుంది. తాకి చూడటం పరీక్ష కాదు. టర్పెంటైన్‌లో తడిపి పిండిన దూదితో పదిసార్లు రుద్దండి, దూదికి రంగు అంటకూడదు.

మార్చిన పాళ్లు:
1. బర్న్ట్ సియెన్నా 20 మి.లీ., యెల్లో ఓకర్ 15 మి.లీ. రెండూ మట్టిరంగులే, త్వరగా ఆరతాయి.
2. ఆల్కిడ్ మీడియం (రంగును త్వరగా ఆరేలా చేసే ద్రవం) 5 మి.లీ., రంగు జారేంతవరకు టర్పెంటైన్.
3. 5 సెం.మీ. వెడల్పు బ్రష్‌తో పలచగా పూసి, వెంటనే పాత కాటన్ గుడ్డతో ఒత్తి తుడవాలి. గుంటల్లో నిలిచిన రంగు తుడిచెయ్యాలి. ఎక్కడ మందంగా నిలిచిందో అక్కడే తర్వాత ఊడుతుంది.
4. కనీసం వారం ఆగాలి. వానాకాలంలో, సముద్ర తీరాన ఇంకా ఎక్కువ. దూది పరీక్ష నెగ్గాకే ముందుకు.

అవిసె నూనె అంటిన గుడ్డల సంగతి ఇక్కడే చెప్పాలి. వాటిని ముద్దగా చుట్టి బుట్టలో పడేస్తే గాలి తగిలి వేడెక్కి వాటంతటవే అంటుకోవచ్చు. విప్పి తీగమీద ఆరేయండి, లేదా నీళ్లున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. టర్పెంటైన్ వాడినంతసేపూ కిటికీలు రెండువైపులా తెరిచి ఉండాలి.

ఇప్పటివరకు: ఆయిల్ రంగు 35 మి.లీ.

దశ 4: రెండు నీలాలు

అన్నిటికన్నా ఎక్కువ కసరత్తు ఇక్కడే జరిగింది. డి భాగానికి ఒక నీలం, ఈ-ఫ్లాట్ భాగానికి పక్కనే నిలిచే ఇంకో నీలం. పాటలో తీగల అమరిక అలాగే ఉండి, మొత్తం అరస్వరం పైకి జరుగుతుంది. కాబట్టి రంగులో చాయ మారాలి, వెలుగు మారకూడదు.

మొదటి ప్రయత్నంలో ఈ-ఫ్లాట్ నీలం అంటే అదే అల్ట్రామెరీన్‌లో తెలుపు పెంచడమే. నిలువు పట్టీ గోడలో తెరిచిన కిటికీలా బయటికొచ్చింది. పది అడుగుల దూరం నుంచి బొమ్మలో అదొక్కటే కనిపించింది. అరస్వరం కాదది, పక్క గదిలోకి వెళ్లినట్టుంది.

రెండో ప్రయత్నం, తెలుపు అంతే ఉంచి అల్ట్రామెరీన్‌లో ఆరో వంతు థాలో బ్లూ (పచ్చవైపు మొగ్గే గాఢమైన నీలం). ఇదీ పోయింది. థాలో బలం చాలా ఎక్కువ, నీలం పచ్చలోకి దొర్లింది. ఆరు నుంచి పది, పది నుంచి పదిహేను భాగాలకు తగ్గించుకుంటూ వస్తే 18కి ఒకటి దగ్గర కుదిరింది. థాలో కొద్దిగా ముదురు చేస్తుంది కాబట్టి తెలుపు అరమిల్లీలీటరు పెంచాల్సి వచ్చింది.

ఖాయం చేసిన పాళ్లు:

డి నీలం, 90 మి.లీ.: అల్ట్రామెరీన్ 60, బర్న్ట్ అంబర్ 6, టైటానియం వైట్ 24.
ఈ-ఫ్లాట్ నీలం, 30 మి.లీ.: అల్ట్రామెరీన్ 18.5, థాలో బ్లూ 1, బర్న్ట్ అంబర్ 2, టైటానియం వైట్ 8.5.

పరీక్ష ఇలా:
1. రెండు నీలాలనూ ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో సందు లేకుండా 5 సెం.మీ. పట్టీలుగా పూయాలి.
2. పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి నలుపు-తెలుపులోకి మార్చాలి. అంచు మాయం కావాలి.
3. రంగుల్లో చూస్తే అంచు తెలియాలి, కానీ ఒక్క క్షణం ఆలస్యంగా. వెంటనే తెలిస్తే థాలో తగ్గించండి.
4. ట్యూబ్‌లైటు కింద కూడా చూడండి. పగలు కుదిరిన జత రాత్రి విడిపోవచ్చు.

మొత్తం ఒకేసారి కలపాలి. రెండో విడత ఎంత కొలిచి కలిపినా మొదటిదానితో జత కాదు. కావలసింది లెక్కవేసుకోవచ్చు: 7 వరుసల వైశాల్యం 5376 చ.సెం.మీ., పొర మందం 0.1 మి.మీ. అయితే 54 మి.లీ. హెడ్ వరుసలు రెండూ 1536 చ.సెం.మీ., మందం 0.3 మి.మీ. అయితే 46 మి.లీ. కలిపి 100, దిద్దుబాట్లకు 20. ఖాళీ అల్యూమినియం ట్యూబుల్లో నింపి చివర మడిచి పెడితే ఆరిపోకుండా ఉంటాయి.

దశ 5: గళ్లు, నేలరంగు

బార్లను పెన్సిల్‌తో గీస్తే పలచటి నీలం కింద గీతలు కనిపిస్తూనే ఉంటాయి. పైగా 288 గళ్లు కళ్లెదుట ఉంటే చెయ్యి వాటిని నింపడం మొదలుపెడుతుంది, బొమ్మ జమాఖర్చుల పట్టికలా తయారవుతుంది. గుర్తులన్నీ ఫ్రేము పక్క అంచుల మీదే పెట్టి, అవసరమైనచోట దారం బిగించి చూసుకున్నాం.

డచ్ నైరూప్య చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ న్యూయార్క్‌లో 1942-43లో బూగీవూగీ (ఒక పియానో సంగీత శైలి) లయ మీద చేసిన 127 సెం.మీ. చతురస్రపు చిత్రాన్ని గుర్తు చేసుకోవాల్సిన చోటిది. చివరికి అసంపూర్తిగా వదిలి వెళ్లిన చిత్రం మీద ఆయన అతికించిన రంగు టేపు ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పద్ధతి ఇక్కడ నేరుగా పనికొస్తుంది: సోలోల ముఖ్యమైన గీతల్ని ముందు రంగు టేపుతో పెట్టి చూడండి. జరపడం సులువు, రంగు ఖర్చు లేదు.

2 నుంచి 8 వరకు వరుసలకు రెండు నీలాలూ పూశాం. రెండు భాగాలు టర్పెంటైన్, ఒక భాగం లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కలిపిన మీడియం, రంగులో పదో వంతు. మాస్కింగ్ టేపుతో అంచు కోసినట్టు తీస్తే నిలువు పట్టీ కర్టెన్‌లా వేలాడింది. రంగు తడిగా ఉండగానే పొడి బ్రష్‌తో అంచును వరుసకో తీరున అటూ ఇటూ లాగాం, ఎక్కడా ఒక బార్ వెడల్పు దాటకుండా. హెడ్ వరుసల్లో మాత్రం అంచు నిటారుగానే ఉంటుంది, అక్కడ బృందమంతా కలిసే మారుతుంది.

ఇప్పటివరకు: ఆయిల్ రంగు 89 మి.లీ. 288 గళ్లలో 224కు నేలరంగు.

దశ 6: హెడ్, దువ్వెన

పాల్ చేంబర్స్ బాస్ మీద ఒక మాట అడుగుతాడు, రెండు తీగలు జవాబిస్తాయి. రెండేసి బార్లకు ఒక ప్రశ్న, ఒక జవాబు. వరుసకు 16 జవాబులు, అంటే 32 తీగలు. బిల్ ఎవాన్స్ వాయించే ఆ తీగలో అయిదు స్వరాలు: కింది నుంచి ఈ, ఏ, డి, జి, బి. మొదటి మూడు సందులూ 5 అరస్వరాలు, పై సందు మాత్రం 4. రెండో తీగ ఇదే అమరిక, 2 అరస్వరాలు కింద.

ఒక అరస్వరానికి ఎన్ని మి.మీ. అన్నది మూడుసార్లు మార్చాం. తీగ ఎత్తు 19 అరస్వరాలు, రెండో తీగ దిగడానికి 2, ఈ-ఫ్లాట్ భాగంలో ఎక్కడానికి 1, మొత్తం 22. గీత మందం 4 మి.మీ. దానికి కలపాలి.

4 మి.మీ. చొప్పున: 92 మి.మీ. వరుస ఎత్తు 80. పట్టదు.
3.5 చొప్పున: 81. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ, అయినా పక్క వరుసను గీకుతుంది.
3 చొప్పున: 70. పైనా కిందా 5 మి.మీ. మిగులు.

పాత బ్యాంకు కార్డు పొడవాటి అంచు 85.6 మి.మీ. ఉంటుంది, దాన్ని దువ్వెనగా కోయొచ్చు. పళ్ల మధ్యబిందువులు కింది నుంచి 0, 15, 30, 45, 57 మి.మీ. పన్ను వెడల్పు 4, లోతు 8. దువ్వెన పై కొనకు మార్కర్‌తో చుక్క పెట్టండి. తిరగేసి పట్టుకుంటే ఇరుకు సందు కిందికి వచ్చి తీగ మారిపోతుంది.

చేసే క్రమం:
1. నీలాన్ని మామూలు తెల్లకాగితం మీద గంటసేపు పరిచి ఉంచాలి. అదనపు నూనె కాగితం పీల్చుకుంటుంది. మీడియం అస్సలు కలపకూడదు, కలిపితే గీకిన అంచులు నెమ్మదిగా మూసుకుపోతాయి.
2. ఒక్క వరుస మాత్రమే, ప్యాలెట్ నైఫ్‌తో 23 మి.లీ. పరచాలి.
3. ప్రశ్న ఉన్న బార్‌లో బ్రష్ కాడ మొనతో చిన్న గుర్తులు.
4. జవాబు బార్‌లో దువ్వెనతో 12 మి.మీ. ఒకసారి లాగాలి, 4 మి.మీ. వదిలి, 6 మి.మీ. కిందికి దించి, 6 మి.మీ. మాత్రమే లాగాలి. రెండో తీగ కురచ.
5. ప్రతి లాగుకూ దువ్వెన తుడవాలి. తుడవకపోతే పళ్లలో పేరుకున్న నీలం తర్వాతి తీగ మీద పడుతుంది.
6. 17వ బార్ నుంచి 24వ బార్ వరకు దువ్వెనను 3 మి.మీ. పైకి జరపాలి. నేలరంగు అక్కడ ఈ-ఫ్లాట్ నీలం.

మొదటి వరుసలో నడిమి పళ్లు సరిగా గీకలేదు. ఒత్తిడికి గుడ్డ లోపలికి వంగి చివరి పళ్లే ఆనుతున్నాయి. వెనక అట్టకు ఒక పలచటి ప్లైవుడ్ పలక ఆనించాక అయిదు పళ్లూ సమానంగా దిగాయి. లాగు చివర పేరుకునే నీలపు గట్టును నైఫ్ మొనతో ఎత్తేయాలి, నొక్కకూడదు.

ఇప్పటివరకు: ఆయిల్ రంగు 135 మి.లీ., గీకిన గీతలు 320.

దశ 7: సోలోలు

మైల్స్ వరుసల్లో చేయాల్సింది వదిలేయడం. 64 గళ్లలో సగానికి పైగా నీలం అలాగే ఉండాలని ముందే నియమం పెట్టుకున్నాం. యెల్లో ఓకర్, తెలుపు సమపాళ్లు, నైఫ్ అంచుతో పలుచని పొడుగు గీతలు, మొత్తం 9 మి.లీ. ఖాళీ ఎక్కువైందని అనిపించినా ముట్టుకోకండి. కింద కోల్ట్రేన్ వరుసలు పడ్డాక ఆ ఖాళీకి అర్థం వస్తుంది.

కోల్ట్రేన్ వరుసలు మొదటిసారి పూర్తిగా తుడిచేయాల్సి వచ్చింది, 22 మి.లీ. వృథా. ఆయన వాయింపు చిక్కగా, వరస వరసగా దూసుకొస్తుంది కదా అని తడి మీద తడి గీతలు వేస్తే నారింజ, నీలం కలిసి బురదరంగు అయ్యాయి. ఎదురెదురు రంగులు తడిలో కలిస్తే బూడిదే మిగులుతుంది. చిక్కదనం గీతల సంఖ్యలో ఉండాలి, రంగులు కలవడంలో కాదు. మార్చిన పద్ధతి:

1. నేలరంగు దూది పరీక్ష నెగ్గేదాకా ఆగాలి.
2. నాలుగో నంబరు ఫ్లాట్ బ్రష్, మూడు గీతలకు ఒకసారి తుడవాలి.
3. మూడు విడతలు: మొదట ముదురు సియెన్నా, ఆరాక ఓకర్, ఆరాక లేత ఓకర్. ప్రతి విడతకూ నూనె కాస్త పెరగాలి. నూనె తక్కువ పొర మీద ఎక్కువ పొర, తిరగేస్తే పగుళ్లు.
4. గీతలు గళ్ల హద్దులు దాటి సాగాలి. బార్ గీత దగ్గర ఆగిన ప్రతి గీతా దండగ.

38 మి.లీ. పట్టింది. ఆల్కిడ్ మీడియం కలిపితే విడత విడతకూ మధ్య ఒక రోజు చాలు, వట్టి లిన్‌సీడ్ అయితే దాదాపు వారం.

ఆడర్లీ వరుసల్లో బ్లూస్ వెచ్చదనం ఉంది, గీత వంపు తిరుగుతుంది. ఆరో నంబరు ఫిల్బర్ట్ బ్రష్ (కొన గుండ్రంగా ఉండేది), సియెన్నాలో చిటికెడు కాడ్మియం రెడ్, 24 మి.లీ. ఎక్కువ దిద్దాల్సిన పని పడలేదు.

ఎవాన్స్ వరుసలో తీగలు మెత్తగా దగ్గర దగ్గరగా ఉంటాయి, వెనక హార్న్‌లు (ట్రంపెట్, శాక్సోఫోన్లు) హెడ్‌లోని రెండు తీగల జవాబును వినిపిస్తూనే ఉంటాయి. అందుకే ఇక్కడ దువ్వెన గుర్తులు మళ్లీ రావాలి, కానీ గీకడంగా కాదు. ఓకర్ కలిపిన బూడిదరంగుతో అదే కొలతలో అద్ది, పొడి మెత్తటి బ్రష్‌తో ఒక్కసారి తడమాలి. రెండోసారి తడిమితే గుర్తు పోతుంది. 12 మి.లీ.

ఇప్పటివరకు: ఆయిల్ రంగు 240 మి.లీ., అందులో తుడిచేసినది 22.

దశ 8: సింబల్, వెలిసిన మచ్చలు

మైల్స్ సోలో మొదలయ్యే క్షణంలో డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద కొట్టిన దెబ్బ రెండో వరుస మొదటి బార్‌లో పడాలి. బొమ్మ మొత్తంలో మందంగా నిలిచే తెలుపు అదొక్కటే. 2.5 × 4 సెం.మీ., 3 మి.మీ. మందం, 3 మి.లీ. టైటానియం వైట్. నమూనాలో లిన్‌సీడ్ కలిపిన తెలుపు పైన తోలు కట్టి ముడతలు పడింది. నూనె ఎక్కువైన మందపు రంగు పైన ముందు ఆరి ఉబ్బుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ట్యూబులోని రంగును కాగితం మీద అరగంట ఉంచి, ఏమీ కలపకుండా నైఫ్‌తో ఒక్క విసురులో పెట్టాలి. లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది, ఈలోగా దానికి ఏదీ ఆనించకండి.

ఆరాక ఈ-ఫ్లాట్ పట్టీ కింది భాగంలో నీలం అక్కడక్కడా వెలిసి, రెండు నీలాల తేడా కనబడకుండా పోయింది. అంబర్ కలిసిన రంగుల్లో ఇది మామూలే, నూనె కింది పొరలోకి ఇంకిపోతుంది. కొత్త రంగు వేయొద్దు. స్టాండ్ ఆయిల్ (చిక్కబరచిన అవిసె నూనె), టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి మెత్తటి గుడ్డతో ఆ మచ్చల మీద పలచగా రుద్ది, పది నిమిషాలయ్యాక మిగిలింది తుడిచేస్తే అసలు నీలం తిరిగి వచ్చింది. తర్వాత ఫొటో పరీక్ష మళ్లీ చేశాం: నలుపు-తెలుపులో అంచు కనబడలేదు, రంగుల్లో కనబడింది.

మొత్తం: ఆయిల్ రంగు 243 మి.లీ., కలిపిన నీలంలో మిగిలింది 20 మి.లీ. ఆ 20ని పారేయకుండా ట్యూబులోనే ఉంచాలి, వార్నిష్ ముందు దిద్దుబాట్లకు వేరే నీలం కుదరదు.

మిగిలిన పని

వార్నిష్‌కు 6 నుంచి 12 నెలలు ఆగాలి, సింబల్ మచ్చ ఉంది కాబట్టి 12 నెలలే మేలు. అప్పటిదాకా బొమ్మ వెలుతురున్న గదిలో ఉండాలి, చీకట్లో లిన్‌సీడ్ నూనె పసుపెక్కుతుంది. మెరుపు వార్నిష్ కన్నా సగం మెరుపుది వాడాలి, పూర్తి మెరుపులో దువ్వెన గీతల అంచులు తళుక్కుమని రెండు నీలాల మీది నుంచి చూపు లాగేస్తాయి.

12 బార్ల బ్లూస్ మీద ఇదే చేసేవాళ్లు బార్‌కు 8 సెం.మీ. తీసుకుంటే అదే 96 సెం.మీ. వెడల్పు వస్తుంది. కానీ అక్కడ తీగలు మూడు, కాబట్టి నీలాలూ మూడు కావాలి. నలుపు-తెలుపు పరీక్ష మూడు జతలకూ విడివిడిగా చేయాలి.